గుడి తాళానికి పళ్లెం కనవడలే: భాగ్యరెడ్డి వర్మ బతుకు చెప్పే ముచ్చట

2019ల మా చింతమడకల ఊరంతటికి ఆరోగ్య పరీక్షలు జేసిండ్రు. నెత్తురు తీసిండ్రు, బీపీ చూసిండ్రు, కాయిదం చేతిల వెట్టిండ్రు. నాకు షుగర్ ఉన్నదని గప్పుడే తెల్సింది. నలభై కూడ నిండలే, గప్పుడే షుగరా అని రెండు రోజులు మంచం దిగలే. మూడో రోజు లేచి బియ్యం డబ్బ పక్కకు వెట్టిన. జొన్న రొట్టె, కొర్ర బువ్వ, పొద్దుగాల చెరువు కట్ట మీద నడక. నాలుగు నెలలకు ఒళ్లు తేలికైంది, షుగర్ దిగింది. ఇంత వరకు మంచిదే.

గని దాంతోని ఇంకో రోగం అంటుకున్నది. ఎవలింటికి పోయినా ముందుగాల వాళ్ల పళ్లెంలకు తొంగిచూసుడు షురువైంది. గింత బువ్వనా, గంత నూనెనా, ఆదివారమొస్తే మాంసం లేంది ముద్ద దిగదా అని అడ్డగోలుగ అనేటోన్ని. మా అవ్వ ఏమనకపోవు. సోపతిగాళ్లు నవ్వి ఊకుందురు.

ఒకరోజు వాడల నా పాత సోపతిగాడు వాళ్ల బిడ్డ పండుగకు పిలిచిండు. పెద్దకూర వండిండ్రు. వాళ్లమ్మ నా ముందట విస్తరేసింది. చిన్నప్పుడు అదే ఇంట్ల, అదే చేతి కూర నాక్కుంట తిన్నోన్ని. ఆ రోజు మాత్రం విస్తరి పక్కకు జరిపి, గిసొంటివి తినే మీకు గుండెజబ్బులు వస్తున్నయి అని ఉపన్యాసం దంచిన. నేను తినను అంటే అయిపోవు. మీకు అనే మాట ఎందుకొచ్చింది? ఆ పెద్దమ్మ ఒక్క మాట అనలే. విస్తరి మడిచి తీస్కపోయింది. ఇంటికొచ్చినంక నిద్ర పట్టలే. నేను మాట్లాడింది షుగర్ గురించి కాదు. డాక్టర్ అంగీ తొడుక్కొని నా నోట్లకెళ్లి కులం మాట్లాడింది.

గప్పటి సంది నాకు ఒక మనిషి బతుకు మళ్ల మళ్ల యాదికొస్తున్నది. తిండి మార్చుకుంటే బతుకు మారుతదని నమ్మినోడు, తన జాతిని మాంసం మానమని, కల్లు మానమని బస్తీ బస్తీ తిరిగినోడు. ఆయనే భాగ్యరెడ్డి వర్మ. తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, మే 22 వస్తే ఆయన ఫొటో స్టేటస్ల వెట్టుకుంటం. ఆ బతుకు లోపటికి పోయి చూసింది తక్కువ. ఇయ్యాల పోదాం.

1888 మే 22న హైదరాబాద్ల ఒక మాల కుటుంబంల పుట్టిండు. నాయిన మాదరి వెంకయ్య, అమ్మ రంగమాంబ. వెట్టిన పేరు భాగయ్య. నాయిన చిన్నప్పుడే పోయిండు. పిల్లలందరిని సాదే బరువు తల్లి నెత్తిన వడ్డది. ఇంటికొచ్చే కులగురువు పిల్లగాని పేరును భాగ్యరెడ్డిగ మార్చిండు. రేడు అంటే ఏలేటోడు. మనం ఒకప్పుడు ఈ నేలను ఏలినోళ్లం, అంటరానోళ్లమని అనిపిచ్చుకునుడు తర్వాత వచ్చిన గతి అని ఆ పేరు ఎనుక ఉన్న అర్థం. ఒక్క పేరుతోని ఒక పోరగాని నడుం నిటారుగ నిలవడొచ్చు. భాగ్యరెడ్డికి అదే జరిగింది.

చిన్నతనంల ఇంట్ల గొడవై బయటవడ్డడు. సికింద్రాబాద్ దిక్కు దోస్ శాంతోస్ అనే బారిస్టర్ ఇంట్ల పనికి కుదిరిండు. ఆ బారిస్టర్ పిల్లగాని తెలివి చూసి చదువుకునే దారి చూపెట్టిండు. పెద్ద డిగ్రీలు లేవు. పనిజేసుకుంట, పుస్తకాలు తిరగేసుకుంట, సభలల్ల మాటలు ఇనుకుంట నేర్సుకున్నడు. మనసొంటి సొంతంగ చదువుకున్నోళ్లకు ఆయన సుట్టం.

1906ల, పద్దెనిమిదేండ్ల వయసుల, జగన్మిత్ర మండలి వెట్టిండు. గప్పటికి సదువొచ్చినోళ్లు బస్తీలల్ల ఏలు మీద లెక్కవెట్టేటంత మందే. కరపత్రం పంచితే సదివేటోడు లేడు. గందుకే హరికథలు, భజనలు పట్టుకున్నడు. రాత్రి పూట బస్తీల నడుమ దీపం వెట్టి కథ చెప్పుడు, కథ నడుమల సదువు గురించి, తాగుడు గురించి, పిల్లల పెండ్లిళ్ల గురించి చెప్పుడు. ఇయ్యాల మీరు రీల్స్ జేస్తున్నరు కద, గదే పని వందేండ్ల కింద ఆయన గొంతుతోని జేసిండు.

1910ల ఇసామియా బజార్ల, లింగంపల్లిల బడులు వెట్టిండు. నిజాం రాజ్యంల సర్కారు సదువంతా ఉర్దూల నడుస్తున్న కాలం. ఆయన బడులు తెలుగుల నడిచినయి. దళిత పోరగాండ్లను గడప తొక్కనియ్యని రోజులల్ల, వాళ్ల కోసమే వాళ్ల భాషల బడి. రెండుతోని మొదలైనయి 1930లు వచ్చేసరికి 26 బడులు అయినయి. 2,500 మంది దాక పిల్లలు సదువుకున్నరు. తర్వాత సర్కారు వాటిని తన చేతులకు తీసుకున్నది. ఒక్క మనిషి షురువు జేసిన పనికి ఇంతకంటె పెద్ద సర్టిఫికెట్ ఏముంటది?

1911ల మన్య సంఘం వచ్చింది. అదే తర్వాత ఆది హిందూ సోషల్ సర్వీస్ లీగ్ అయింది. ఈ సంఘం దేని మీద కొట్లాడింది అంటే చిట్టా పెద్దది. ఆడపిల్లలను దేవుని పేరు మీద ఇడిసిపెట్టే జోగిని ఆచారం, బాల్య వివాహాలు, చేతబడి భయాలు, తాగుడు. గా చిట్టాలనే ఇంకోటి ఉన్నది. పెండ్లిళ్లల్ల, కులం కార్యాలల్ల మాంసం, కల్లు బందు పెట్టాలె.

ఇక్కడ జర ఆగుదాం. ఎందుకు పెట్టిండు ఈ నియమం?

ఒక కారణం సాఫ్ సీదా. పెండ్లైనా సావైనా కులపోళ్లకు యాట కోసి కల్లు పోసుడు మర్యాద. అప్పు తెచ్చైనా పోయాలె. ఆ అప్పు తీర్చనీకి కొడుకును జీతానికి వెట్టాలె. వెట్టి బతుకుల రూపాయి అప్పు అంటే కాలికి వడ్డ గొలుసు. ఆ గొలుసు తెంపాలంటే దావత్ ఖర్సు తగ్గాలె. ఇది మన ఊర్లల్ల ఇప్పటికి నిజమే. ఫంక్షన్ హాల్లల్ల దావత్ చేసి అయిదేండ్లు మిత్తి కట్టేటోళ్లను చూస్తలేమా?

రెండో కారణం వేరే ఉన్నది. ఆయన ఎదిగిన గాలి గసొంటిది. ఆ కాలంల హైదరాబాద్ల బ్రహ్మ సమాజం, ఆర్య సమాజం మంచి ఊపు మీదున్నయి. దళితులకు దోస్తులుగ నిలవడ్డ పై కులాల పెద్దమనుషులు చానామంది ఆ గాలి పీల్చినోళ్లే. 1913ల ఆర్య సమాజపోళ్లే ఆయన పేరు ఎనుక వర్మ చేర్చిండ్రు. జీవరక్ష జ్ఞాన ప్రచారక మండలి అని ఒక సంఘం ఉండె. జాతర్లల్ల జంతుబలి బందు వెట్టాలె, మాంసం మానాలె అని తిరిగే సంఘం. భాగ్యరెడ్డి వర్మ దాంట్ల గూడ పనిజేసిండు. మనం శుభ్రంగ ఉంటే, తాగకుంటే, మాంసం ముట్టకుంటే ఊరు మనల్ని మనుషులుగ చూస్తది అనే ఆశ ఆ కాలపు దళిత సంస్కర్తలల్ల చానామందికి ఉండె. ఆది హిందూ ఉద్యమంలనే ఇంకో పెద్ద మనిషి అరిగె రామస్వామి. ఆయన గూడ ఇదే ప్రచారం జేసిండు. ఇద్దరికి వేరే విషయాలల్ల పడకపోయినా ఈ ముచ్చటల ఒక్కతీరే నడిచిండ్రు.

దేశం అంతట గూడ గదే నడుస్తుండె. 1927ల మహాడ్ల అంబేడ్కర్ తన జనానికి సచ్చిన పశువు మాంసం తినుడు బందు వెట్టుమని చెప్పిండు. 1930లల్ల గాంధీ హరిజన యాత్రల గూడ ఇదే మాట చెప్పుకుంట తిరిగిండు. మాట ఒక్కతీరుగ ఇనవడ్డా జాగ చానా తేడా. అంబేడ్కర్ లోపటికెళ్లి చెప్పిండు. ఊరు పారేసింది మనం ఎందుకు తినాలె అన్న కోపం అది. గాంధీ బయటికెళ్లి చెప్పిండు. ఒకే మాట, అమ్మ చెప్తే ప్రేమ, పక్కింటోడు చెప్తే ఎత్తిపొడుపు. నేను ఆ రోజు వాడల చెప్పింది రెండో రకం.

ఇగ అసలు ముచ్చటకొద్దాం. 1917 నవంబర్ల బెజవాడల దళితుల పెద్ద సభ జరిగింది. పేరు మొదటి ప్రాంతీయ ఆంధ్ర పంచమ మహాజన సభ. అధ్యక్షుడు హైదరాబాద్ కెళ్లి పోయిన భాగ్యరెడ్డి వర్మ. పురాణాలల్ల పంచమ అన్న మాట యాడ ఉన్నది, మేం ఐదో కులం కాదు, ఈ నేల మీద ముందుగాల పుట్టినోళ్లం, మేం ఆది ఆంధ్రులం అని ఆయన ఆ సభల నిలవడ్డడు. సభ పేరు అక్కడనే మారిపోయింది. అయిదేండ్లకు, 1922ల, మద్రాస్ సర్కారు గూడ ఆది ఆంధ్ర అన్న పేరును ఒప్పుకున్నది.

గా సభ జరిగిన రోజులల్ల బెజవాడ కనకదుర్గ గుడి తలుపులు మూసిండ్రు. సభకు వచ్చిన దళితులు గుళ్లెకు వస్తరేమో అని భయం.

ఒక్కసారి మనసుల వెట్టి ఆలోచించుండ్రి. సభ నడిపిచ్చింది ఎవరు? తాగుడు మానమన్నోడు. మాంసం మానమన్నోడు. భజనలు జేసేటోడు. హరికథలు చెప్పేటోడు. పేరు ఎనుక వర్మ ఉన్నోడు. గుడి పూజారులు కోరే అన్ని లక్షణాలు ఉన్న మనిషి. ఆ తాళం వేసేటోడు వచ్చి, మీల ఎవలు మాంసం తినరో చెప్పుండ్రి, వాళ్లను లోపటికి తోలుత అని అడిగిండా? అడగలే. గుడి తాళానికి పళ్లెం కనవడలే. పుట్టుక కనవడ్డది.

భాగ్యరెడ్డి వర్మ బతుకంతటిల నాకు గట్టిగ తాకిన పాఠం ఇదే. తిండి మీద ఎత్తిపొడుపు ఎప్పుడు గూడ తిండి గురించి కాదు. తిండి ఒక సాకు. తినుడు మానేస్తే ఎత్తిపొడిచేటోడు ఇంకో సాకు దొరకవడ్తడు. అంబేడ్కర్ 1948ల అచ్చైన అంటరానోళ్ల పుస్తకంల ఈ చరిత్రను తవ్వి తీసిండు. పశువు మాంసం తినుడుకు, అంటరానితనానికి నడుమ ఉన్న ముడి ఎట్ల వడ్డదో ఆయన లెక్క ఆయన చెప్పిండు. ఒకప్పుడు అందరు తిన్నదే, కొందరు మానేసినంక, మానలేని పేదోని మీద నేరమైంది అని ఆయన వాదన.

భాగ్యరెడ్డి వర్మ తిండి నియమాలను ఎన్నడన్న బహిరంగంగ వదిలేసిండు అని నేను చెప్త లేను. గని ఆయన పని ఎటు నడిచిందో చూడుండ్రి. బెజవాడ తర్వాత ఆయన బలమంతా బడి మీద, పేరు మీద, లెక్క మీద పోయింది. 1930ల లక్నోల జరిగిన అణగారిన కులాల సభకు పోయిండు. అదే ఏడు అంబేడ్కర్ లండన్ల రౌండ్ టేబుల్ సమావేశంల కూసున్నడు. 1931 జనాభా లెక్కలల్ల నిజాం రాజ్యంల దళితులను ఆది హిందువులుగ రాయిపిచ్చిండు. అదే ఏడు భాగ్యనగర్ అనే పత్రిక తీసిండు. దాంట్ల వెట్టి మాదిగ అనే కథ రాసిండు. తెలుగుల దళితుడు దళితుని బతుకు మీద రాసిన తొలి కథనాలల్ల అది ఒకటి. బుద్ధుని మీద ఆయనకు చానా కాలం సంది ప్రేమ. బుద్ధ జయంతి జరిపిచ్చిండు, కొడుకుకు గౌతమ్ అని పేరు వెట్టుకున్నడు. 1939 ఫిబ్రవరి 18న, యాభై ఒకటి నిండకముందే పోయిండు.

ఇప్పుడు లెక్క జూడుండ్రి. ఆయన చేసిన పనులల్ల ఏది నిలిచింది? బడి నిలిచింది. బడికి పోయిన పోరడు నౌకరి జేసిండు, వాని మనుమడు ఇయ్యాల ఇది సదువుతున్నడు. ఆది అన్న పేరు నిలిచింది. జోగిని మీద కొట్లాట నిలిచింది, దాని మీద చట్టం గూడ వచ్చింది. తాగుడు మానమన్న మాట ఇప్పటికి మనకు కావాలె, ఊరికో బెల్టు షాపు ఉన్న కాలం ఇది. మాంసం మానమన్న మాట మాత్రం నిలవలే. దేశం లెక్కలు తీస్తే తెలంగాణల నూటికి 98 మందికి పైన మాంసం తినెటోళ్లే అని 2014 సర్వేల తేలింది. జనం ఆయన్ని కాదనలే, ఆయన బొమ్మకు దండేసిండ్రు. ఆ ఒక్క మాటను మాత్రం సప్పుడు చేయకుండ పక్కకు వెట్టిండ్రు. నాకైతే జనం తీర్పు సరైందే అనిపిస్తది.

ఆయన్ని నేను తప్పు పడ్తలేను. ఆయన తన జనం నడుమ నిలవడి చెప్పిండు. చెప్పేముందు తనే పాటించిండు. చెప్పి ఊకోలే, ఇరవై ఆరు బడులు వెట్టిండు. గా మూడు లేకుండ మన నోటికెళ్లి తిండి మీద మాట వస్తే దానికి ఇలువ లేదు. నా ఉపన్యాసానికి ఎనుక ఏమున్నది? నాలుగు నెలల జొన్న రొట్టె.

ఆరోగ్యం ముచ్చట అబద్దం అంటలేను. 2023ల అచ్చైన ఐసీఎంఆర్ అధ్యయనం దేశంల 10 కోట్ల మందికి పైన షుగర్ ఉన్నదని చెప్పింది. మా ఊర్లె గూడ ఇంటికొకలు గోళీ మింగుతున్నరు. గని షుగర్ ఎట్ల వచ్చిందో గూడ చూడాలె కద. మా తాతలు జొన్న గట్క, మక్క గట్క తాగి బతికిండ్రు. తెల్లబువ్వ పండుగ నాడే. జొన్న గట్క తాగేటోన్ని గప్పుడు గూడ ఎక్కిరిచ్చిండ్రు, పేదోని తిండి అని. 1983ల కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చింది, దండం వెట్టాలె. బోర్లు వడ్డయి, వరి వచ్చింది, జొన్న చేను పోయింది. ఇప్పుడు అదే జొన్న, అదే కొర్ర పట్నంల పాకెట్ల కూసొని బియ్యం కంటె పిరమైంది. రేషన్ బియ్యం తినేటోన్ని చూసి, గంత బువ్వ తింటవా అని ఇప్పుడు ఎక్కిరిస్తున్నం. గట్క తాగినా తప్పే, బువ్వ తిన్నా తప్పే. పేదోడు ఏది తింటే ఒప్పు?

ఇంకో లెక్క గూడ ఉన్నది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణల నూటికి 57 మంది ఆడోళ్లకు, అయిదేండ్ల లోపు పిల్లలల్ల నూటికి 70 మందికి నెత్తురు తక్కువ. నెత్తురు పట్టాలంటే ఇనుము కావాలె, మాంసకృత్తులు కావాలె. అవి పప్పుల, ఆకుకూరలల్ల ఉన్నయి. గుడ్డుల, చాపల, కాలేయంల, పెద్దకూరల గూడ ఉన్నయి. మాంసంల ఉన్న ఇనుము ఒంటికి ఇంకా తొందరగ పడ్తది. కిలో మటన్ కొనలేని ఇంటికి పెద్దకూరనే అగ్గువ బలం. దాన్ని చూసి ముక్కు మూసుకునేటోడు ఆ ఇంటి పిల్లకు నెత్తురు యాడికెళ్లి తెస్తడు? 2012 ఏప్రిల్ల ఉస్మానియా యూనివర్సిటీల పోరగాండ్లు పెద్దకూర పండుగ జేస్తే దాడులు అయినయి. తొంభై అయిదేండ్ల కింది బెజవాడ తాళం, ఆ దాడి ఒకే ఇనుముతోని జేసినయి.

తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, మీల చానామంది జిమ్ముకు పోతున్నరు, పరుగు కొడ్తున్నరు, పోలీస్ సెలక్షన్లకు తయారైతున్నరు. మంచిగ తినుండ్రి. జొన్న తింటరో, గుడ్డు తింటరో, మాంసం మానుకుంటరో మీ ఇష్టం, మీ ఒళ్లు. సుట్టాలకు షుగర్ ఉంటే పరీక్షకు తోల్కపోండ్రి, గోళీలు యాది చేయుండ్రి, కల్లు ఎక్కువైతే కొట్లాడుండ్రి. ఊర్లె రేషన్ దుకాణంల జొన్నలు ఇయ్యాలె, అంగన్వాడీల గుడ్డు లెక్క తప్పొద్దు అని అడుగుండ్రి. భాగ్యరెడ్డి వర్మ బడి వెట్టినట్టు అది పని. ఎదుటోని పళ్లెంలకు తొంగిచూసుడు పని కాదు.

నెల కింద నేను మళ్ల ఆ సోపతిగాని ఇంటికి పోయిన. పెద్దమ్మ కాళ్ల కాడ కూసొని తప్పైంది అన్న. ఆమె ఏమనలే. లోపటికి పోయి రెండు జొన్న రొట్టెలు, గిన్నెల ఇంత కూర తెచ్చి ముందట వెట్టింది. రొట్టె నా షుగర్ కోసం చేసిందట. కూర ఎప్పటిలెక్క చేసిందట. రెండూ తిన్న. విస్తరి నేనే ఎత్తిన.